మూతలు తీసిన పన్నెండు రోజులు

మార్చి పన్నెండు, గురువారం, పదకొండు గంటల పది నిమిషాలకు చెన్నై వ్యాను మా హేచరీ గేటులోకి వచ్చింది. దించిన పెట్టెలు నాలుగు. చీటీ మీద 'బ్లేడ్ ఛాసిస్' అని ఉంది. ఛాసిస్ అనేది లారీకే ఉంటుందని అప్పటిదాకా అనుకునేదాన్ని.

మాది ముత్తుకూరుకు తూర్పున, రొయ్య పిల్లల్ని పెంచి రైతులకిచ్చే చోటు. రైతుల గుంటల్లో మేము పెట్టిన మీటర్లు, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో గంటగంటకూ మా కంప్యూటర్లకు పంపుతాయి. అది తగ్గితే రైతు ఫోను మోగుతుంది. ఈ పని చేసే కంప్యూటర్లు ఏడూ వెనక గదిలో టేబుళ్ల మీద విడివిడిగా ఉండేవి. ఒక్కోదానికి ఆరు చొప్పున నలభై రెండు వైర్లు. ప్రతి వైరుకూ నా చేతిరాతతో చీటీ కట్టి ఉండేది. పదకొండేళ్లు ఆ గది తాళంచెవి నా దగ్గరే ఉంది.

వ్యాను రావడానికి మూడు రోజుల ముందు మేనేజరు నన్ను పిలిచాడు. "అమ్మా, మీకు అరవై నాలుగు నిండినాయి. ఇంక వంగేదీ లేసేదీ మీకెందుకు? గది ఆమెకి అప్పజెప్పండి. మీరు కుర్చీలో కూర్చోని రిజిస్టరు రాయండి, చాలు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను తాళంచెవి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

ఆమె అంటే తొట్ల సెక్షను చూసే మనిషి. నాకంటే పదేళ్లు చిన్నది. మా ఇద్దరిదీ ఒకే చర్చి, ఆదివారం పక్కపక్కనే కూర్చుంటాం. పంతొమ్మిదేళ్లుగా తొట్లలో పిల్లలకు గాలి అందించడమే ఆమె పని. బుడగల చప్పుడు విని, ఏ తొట్టికి గాలి చాలడం లేదో తలుపు దగ్గర నుంచే చెప్పేస్తుంది. ఆమె చెయ్యి మంచిదని అందరూ అంటారు. పదకొండేళ్లలో నా రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. నా చెయ్యి మంచిదని ఎవరూ అనలేదు.

చెన్నై నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దతను సగం తమిళం, సగం తెలుగు మాట్లాడేవాడు. ముందుగా ఛాసిస్‌లో నుంచి పవర్ సప్లైలు ఆరూ, ఫ్యాన్లు పదీ బయటికి తీసి నేల మీద వరసగా పెట్టించాడు. బరువు తగ్గాక నలుగురు పట్టుకొని ఖాళీ ఇనప పెట్టెను రాక్‌లో అడుగునకు ఎక్కించారు. తర్వాత తీసినవన్నీ తిరిగి బిగించారు. ముందు వైపు పై వరసలో ఎనిమిది, కింది వరసలో ఎనిమిది, మొత్తం పదహారు గూళ్లు. మేము కొన్న బ్లేడ్లు ఆరే. బ్లేడు అంటే సన్నగా, లోతుగా ఉండే ఒక పూర్తి కంప్యూటరు. దానికి విడిగా వైర్లు ఉండవు. కరెంటూ, నెట్టూ, గాలీ అన్నీ ఆ పెట్టె నుంచే అందుతాయి. నలభై రెండు వైర్ల పని తొమ్మిదింటితో అయిపోయింది. నా చీటీలన్నీ చెత్తబుట్టలో పడ్డాయి.

మొదటి బ్లేడు ఆమె చేత తోయించారు. లోపలిదాకా నెట్టి పిడి మూస్తే టక్కున కూర్చుంది, పచ్చ దీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. "అక్కా, రొయ్య పిల్లల్ని తొట్లో వదిలినట్టే ఉండాది!" అని ఆమె నా వైపు తిరిగి నవ్వింది. నేను జాబితా చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

తర్వాత ఆమె అందరికీ టీ చెప్పడానికి వెళ్లింది. అప్పుడే ఆ పెద్దతను మిగిలిన పది గూళ్లకూ ప్లాస్టిక్ పెట్టెల్లాంటి డమ్మీ మూతలు బిగించాడు. "అమ్మా, ఇవి అందం కోసం కాదు. తీస్తే గాలి ఖాళీ గూట్లో నుంచి పోయిపోతుంది, బ్లేడ్లకు అందదు. ఆ మేడమ్‌కు చెప్పండి" అన్నాడు. తేదీ వేసి డైరీలో రాసుకున్నాను. ఆమె టీ గ్లాసులతో వచ్చింది. చెప్పలేదు. అప్పుడు కావాలని దాచలేదు, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు అలా జరుగుతూ పోయింది.

ఏప్రిల్ వచ్చేసరికి ఎండ ముదిరింది. ఇరవై రెండు, బుధవారం, మధ్యాహ్నం రీడింగు కోసం గదిలోకి వెళ్తే ఆమె మూతలు ఒక్కొక్కటే ఊడదీస్తూ కనిపించింది.

"ఎందుకు తీస్తా ఉండావు?" అన్నాను.

"ఎట్టా ఉడికిపోతా ఉండాదో చూడక్కా. దీని మొహమంతా మూసి పెట్టినారు. గాలి ఆడొద్దా? తొట్టి మూసి పెడితే పిల్లకాయలు బతుకుతాయా?"

గాలి తగిలితే ప్రాణం నిలుస్తుందని పంతొమ్మిదేళ్లు చేత్తో నేర్చుకున్న మనిషి. హేచరీలో ఎవరైనా అదే చేసేవాళ్లు. నా డైరీలో రాసిపెట్టుకోకపోతే నేనూ అదే చేసి ఉండేదాన్ని. అప్పుడైనా ఒక్క మాట చాలు. "ఊఁ" అన్నాను. రిజిస్టరులో చివరి గడిలో 'మూతలు తీసి ఉన్నవి' అని రాశాను.

ఆ పొద్దున ఫ్యాన్ల వేగం నూటికి ముప్పై ఎనిమిది. సాయంత్రానికి యాభై రెండు. శనివారం అరవై ఒకటి. తర్వాతి బుధవారం డెబ్బై నాలుగు. మే రెండు, శనివారం సాయంత్రం ఎనభై ఆరు. లెక్క కట్టాను. ఎండ ముదిరేకొద్దీ పని రోజుకు దాదాపు నాలుగు పెరుగుతోంది. నూటికి ఇంకా పద్నాలుగు. గురువారానికి ఫ్యాన్లకు ఇంక ఓపిక ఉండదు, బ్లేడ్లు వాటంతట అవే ఆగిపోతాయి. అందరి ముందూ ఆమె తలవంచుకుంటుంది, తాళంచెవి నాకు తిరిగొస్తుంది. ఇదీ నా లెక్క. గుంటల మాట గుర్తుకు రాలేదని చెప్పను, వచ్చింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే తెల్లవారుజామున రైతులు ఎలాగూ గట్ల మీదే ఉంటారని సర్దిచెప్పుకున్నాను. ఫోను మోగుతుందన్న ధైర్యంతో ఎంతమంది ఇళ్లలో పడుకుంటున్నారో ఆ లెక్క మాత్రం వేయలేదు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఎవరి మీదైనా మనసులో ఏదైనా పెట్టుకుంటే బల్లలో చెయ్యి వేయకూడదని మాకు చిన్నప్పటి నుంచీ చెబుతారు. ఎవరు తీసుకోకుండా కూర్చున్నారో ఆడవాళ్ల వరసలన్నింటికీ తెలిసిపోతుంది. బాప్తిస్మం పొందిన నలభై ఎనిమిదేళ్లలో నేను వదిలింది రెండుసార్లు, రెండుసార్లూ జ్వరంతో ఇంట్లో ఉండి. ఆ రోజు రొట్టె పళ్లెం నా ముందుకు వచ్చింది. చెయ్యి లేవలేదు. దాన్ని ఆమెకు అందించాను.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏందక్కా, బల్ల వదిలేసినావు? వెనకాల ఆడోళ్లంతా నా మొహమే చూస్తా ఉండారు, నేనేదో నీ కోడిని కోసుకొని తిన్నట్టు. నా మీదేనా కోపం?"

"కోపం కాదు."

"మరేంది? ఆ తాళం నాకిచ్చినారనేగా? నోరు తెరిచి చెప్పచ్చుగదా, నాకు కళ్లు లేవా?"

అప్పుడు చెప్పాను. చెన్నై అతను చెప్పిన మాట చెప్పాను, ఫ్యాన్ల అంకెలు చెప్పాను, గురువారం సంగతి కూడా చెప్పాను. ఆమె చెయ్యి తీసేసింది.

"ఎన్నాళ్లయింది?"

"ఈ రోజుతో పన్నెండు."

"పన్నెండు రోజులూ నా ఎదురుగా కూర్చోని రాసుకుంటా ఉండావా?" అంది. సమాధానం కోసం ఆగకుండా రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఆపింది. నేనూ ఎక్కాను. 

చర్చికి కట్టుకున్న తెల్ల చీరలతోనే హేచరీలో మూతల కోసం వెతికాం. చేతికందే పెట్టెలు కదా, తలా ఒకటి తీసుకుపోయారు. ఏడు, రొయ్య పిల్లల మేతకు పెంచే నాచు సీసాల కింద పీటల్లా ఉన్నాయి. ఒకటి ల్యాబులో ఊగే టేబుల్ కాలి కింద ఉంది. ఇంకొకటి వాచ్‌మన్ కుర్చీ పక్కన, చుట్టలూ అగ్గిపెట్టె పెట్టుకోవడానికి. అతను దాన్ని ఇవ్వడానికి ఇష్టపడలేదు. "ఆదివారం పూట దీని కోసం వచ్చినారా అమ్మా?" అన్నాడు. పదోది దొరకలేదు. ఆ గూటికి అట్టముక్క కత్తిరించి టేపు వేశాం. పన్నెండు గంటల యాభైకి చివరిది బిగించాం. ఒంటిగంటన్నరకు ఫ్యాన్లు అరవై రెండుకు దిగాయి. రెండున్నరకు నలభై ఐదు.

ఆమె రిజిస్టరు తెరిచి నిలబడే చదివింది. పని రోజులు పది, రోజుకు మూడు లైన్లు, మొత్తం ముప్పై. మొదటి రోజు పొద్దుటి లైను తప్ప మిగతా ఇరవై తొమ్మిదింటి చివరా అదే మాట.

"ఒక్క లైనులో కూడా అబద్ధం రాయలా నువ్వు" అంది. మెచ్చుకోలు కాదు. తాళంచెవి ఆ పేజీ మీద పెట్టింది. "దీని కోసమేగా. తీసుకో" అని వెళ్లిపోయింది. గది ఎవరో ఒకరు మూయాలి కనుక నేనే తాళం వేశాను. ఆ చెవి చేతిలో పడగానే సంతోషం కలిగింది. ఆ మాట దాచుకోవడం లేదు.

సోమవారం తొమ్మిదింటికి రిజిస్టరు, తాళంచెవి మేనేజరు ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను ముప్పై లైన్లూ వేలు పెట్టి చదివాడు.

"ఏ గుంటలోనన్నా రొయ్య పోయిందా?"

"లేదు సార్."

"ఆమె నాతో ఏమీ చెప్పలేదే. ఇప్పుడీ తాళం ఎవరికియ్యమంటారు?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. 'నాకు' అంటే నాకే ఇచ్చేవాడు, పదకొండేళ్ల అలవాటు ఉంది కదా. 

"ఆమెకే ఇవ్వండి. తెలియక తీసింది. తెలిసీ ఊరుకున్నది నేను" అన్నాను. అంటున్నప్పుడు కూడా ఆ తాళంచెవిని ఆమె చేతిలో ఊహించుకుంటే కడుపు మండింది.

ఇప్పుడు గది ఆమెదే. రోజుకు మూడుసార్లు వెళ్లి అంకె చూసి, రాసే ముందు పైకి చదువుతాను. అలా చదవమని నన్నెవరూ అడగలేదు. "నలభై ఒకటి" అంటాను. ఆమె తల తిప్పకుండా "సరే మేడమ్" అంటుంది.