కుట్టుగదిలో విన్న సగం

ఆపరేషన్ థియేటర్ల వెనక ఒక కుట్టుగది ఉంది. చిరిగిన ఆకుపచ్చ దుప్పట్లు, నాడాలు ఊడిన గౌన్లు ఉతికాక మూటలుగా అక్కడికి వస్తాయి. వాటిని బాగుచేసే ఆవిడను ఆసుపత్రిలో ఒక్కమాటక్క అంటారు. ఎదురుగానే అంటారు. ఆవిడ కాదనదు.

ఆ పేరు ఊరికే రాలేదు. తల్లి పోయేనాటికి ఆవిడకు పెళ్ళీడు, తమ్ముడికి పాలపళ్ళు ఊడే వయసు. వీణ్ణి పెంచాకే నా పెళ్ళి సంగతి, అంది. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. బడి ఎగ్గొడితే అన్నం లేదని ఒకసారి అంది. వాడు ఎగ్గొట్టాడు. ఆ పూట వాడికి పెట్టలేదు, తనూ తినలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని నమ్మిన మనిషి. బట్ట మీద తప్పు కుట్టు పడితే గొణగకుండా విప్పేస్తుంది. నోటి నుంచి పడ్డ మాటను మాత్రం విప్పదు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. "మా అక్క మాట ఇనప తాడు. దాన్ని పట్టుకునే పైకొచ్చాను" అంటూ ఉంటాడు.

అతనికి పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. అక్క పనిచేసే చోటే ఆపరేషన్ కుదిరింది.

కుట్టుగదికీ డాక్టర్లు టీ తాగే గదికీ మధ్య ఉన్నది చెక్కపలకల గోడ. ఆపరేషన్‌కు ముందు వారం ఒక మధ్యాహ్నం, ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తుంటే అవతల మత్తు డాక్టరమ్మ గొంతు వినబడింది. క్యాన్సర్ ఆపరేషన్లలో పీల్చే మత్తుకూ, నరంలోకి ఎక్కించే మత్తుకూ తర్వాత రోగం తిరగబెట్టడంలో తేడా ఉంటుందేమో చూస్తున్నారని చెబుతోంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు ఒంట్లో కాపలా కాసే కణాలను నిద్రపుచ్చుతాయేమో, కోతలో విడిపోయిన క్యాన్సర్ కణం ఒకటీ అరా ఆ అదనులో ఎక్కడైనా పాతుకుంటుందేమో అని అనుమానమట. ప్రయోగశాలలో అలా కనబడిందట.

అంతవరకూ వింది. దారం ఎక్కింది. సాయంత్రానికి గౌన్లు అందించాలి. పెడల్ మీద కాలు పెట్టింది. మిషను చప్పుడులో మిగతా మాటలు కొట్టుకుపోయాయి.

ఇంటికి వెళ్ళి తమ్ముడితో చెప్పింది. "ఆపరేషన్‌కి మత్తు ఎలాగూ తప్పదు. తర్వాత మాత్రం నొప్పి మందు జోలికి పోకు. ఓర్చుకో. ఆ మందులు రోగాన్ని మళ్ళీ మొలిపిస్తాయట."

"ఎవరన్నారు?"

"డాక్టర్లే అనుకుంటుంటే విన్నాను."

వాడు సరేనన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. వార్డులో మంచం పక్కన చిన్న యంత్రం పెట్టారు. దాని తీగ చివర ఒక బటన్. నొప్పి లేచినప్పుడు నొక్కితే మందు కొద్దిగా నరంలోకి వెళ్తుంది. ఎక్కువసార్లు నొక్కినా మోతాదు మించనివ్వదు. రోగి తప్ప ఇంకెవరూ నొక్కకూడదని నర్సు చెప్పి వెళ్ళింది. వాడు ఆ బటన్‌ను దిండు కిందికి తోసేశాడు.

మర్నాటికి మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఊపిరి గొంతు దాటి లోపలికి పోవడం లేదు. నుదుటి చెమట తుడిస్తే ఆ కదలికకే పళ్ళు బిగించాడు. దగ్గమంటే తల అడ్డంగా తిప్పాడు.

"ఇలా పైపైన ఊపిరి తీస్తే కఫం పేరుకుపోతుందండీ" అంది నర్సు. "నిమోనియా వచ్చిందంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది."

సాయంత్రానికి ఒళ్ళు కాలింది. మరదలు ఆవిడను వరండాలోకి తీసుకెళ్ళింది.

"మందు వద్దన్నది మీరేనట కదా వదినా."

"నేనే."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మీ మాట మీరేం చేసుకుంటారో చేసుకోండి. నాకు ఆయన కావాలి."

ఇన్నేళ్ళ కాపురంలో మరదలు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడకు కోపం రాలేదు. రాకపోవడానికే భయం వేసింది.

టీ గది గడప ఆవిడ ఎప్పుడూ తొక్కలేదు. ఆ రోజు తొక్కింది. మత్తు డాక్టరమ్మ అంతా విని కప్పు కింద పెట్టింది.

"గోడలకి చెవులుంటాయని తెలుసు. మా గోడకి కుట్టుమిషను కూడా ఉందని మరిచిపోయాం" అంది. నవ్వలేదు. "మిగతాది వినలేదా?"

"మిషను తొక్కుతున్నానమ్మా."

"మిగతాది ఇదీ. గాజు పాత్రల్లో కనబడిందల్లా మనుషుల్లో కనబడలేదు. పాత కేసులు తిరగేస్తే కొన్నిచోట్ల తేడా ఉన్నట్టే ఉంటుంది. జాగ్రత్తగా పరీక్ష పెట్టి చూస్తే ఇంతవరకూ గట్టిగా తేలింది లేదు. ఇంకా చూస్తున్నారు. కానీ ఇంత నొప్పి భరిస్తే అది కూడా ఆ కాపలా కణాలనే దెబ్బతీస్తుందంటారు. మందు మానేసి మీ తమ్ముడు మిగుల్చుకుంటున్నదేమీ లేదు. ఇప్పుడు ముప్పు ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది."

"అయితే మందు మంచిదేనా?"

"ఇప్పుడు అవసరం. అంతకు మించి ఒట్టు పెట్టి చెప్పలేను."

"మీరే వచ్చి చెప్పండమ్మా వాడికి."

"పొద్దున్నే చెప్పాను. 'అక్క వద్దంది' అన్నారు."

ఆవిడ వార్డుకు వచ్చి మంచం పక్కన నిలబడింది.

"ఒరేయ్. ఆ బటన్ తీసుకో."

వాడు కళ్ళు తెరిచాడు. "నువ్వే కదక్కా వద్దన్నావు."

"నేనే. సగం విని చెప్పాను."

వాడు ఆవిడ ముఖంలోకి చూశాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "మిగతా సగంలో ఏముంది?"

అబద్ధం తేలిక. ఆవిడ నోటికి అది అలవాటు లేదు. "వాళ్ళకే పూర్తిగా తెలీదట. మందు వల్ల తిరగబెడుతుందని తేలలేదు. నొప్పికి నువ్వు దగ్గలేకపోతున్నావు. అది నా కళ్ళకే కనబడుతోంది."

"మందేసుకున్నాక తిరగబెడితే?"

ఇంకోనాడైతే ఒక్క మాట చెప్పి ఉండేది. వాడు ఆ మాట కోసమే చూస్తున్నాడు.

"తెలీదురా" అంది.

వాడి పెదవి ఒక మూల కదిలింది. "లిఫ్టు మధ్యలో ఆగినట్టుంది."

"ఆగితే మీరేం చేస్తారు?"

"లోపలున్నవాళ్ళని బటన్ నొక్కి కూర్చోమంటాం."

దిండు కిందికి చెయ్యి పెట్టి వెతికాడు. ఆవిడ దిండు కాస్త ఎత్తింది, అంతే. బటన్ వాడే తీసుకున్నాడు, వాడే నొక్కాడు.

కాసేపటికి మోకాళ్ళు చాపాడు. నర్సు ఒక దిండు తెచ్చి కుట్ల మీద అదిమి పట్టుకోమంది. వాడి చేతుల మీద ఆవిడ తన చేతులు వేసింది. వాడు దగ్గాడు. ఆ దగ్గు దిండులోంచి ఆవిడ అరచేతుల్లోకి తన్నింది. ఆవిడ మళ్ళీ దగ్గమంది. వాడు దగ్గాడు.

జ్వరం మెల్లగా దిగింది. వాడు ఇల్లు చేరాడు, మళ్ళీ లిఫ్టుల పనిలో పడ్డాడు. పరీక్షలకు పిలిచినప్పుడల్లా వస్తాడు. ఇప్పటికి ఏమీ లేదంటున్నారు. ఫలితం వచ్చేదాకా ఆవిడ లోపల ఒకటే తిరుగుతుంటుంది: మొదటి సగమే నిజమైతే? మందు మానమన్నదీ తనే, వేసుకోమన్నదీ తనే.

ఆవిడనింకా ఒక్కమాటక్క అనే పిలుస్తారు. తమ్ముడు మాత్రం ఇనప తాడు సంగతి ఎత్తడం మానేశాడు.

గోడ అవతల మాట మొదలైతే ఆవిడ ఇప్పుడు పెడల్ మీద నుంచి కాలు తీసేస్తుంది. గౌన్లు ఆలస్యమైనా సరే, చివరిదాకా వింటుంది. చాలాసార్లు చివర ఏమీ ఉండదు. మాట ఒకచోట ఆగిపోతుంది, కుర్చీలు జరుగుతాయి, తలుపు పడుతుంది.