చూడలేదన్న జెండాలు

కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేసే పెద్దకోడలికి ఒక రకం మనుషులంటే ఒళ్ళుమంట. వాళ్ళు అక్షరం కనపడకపోయినా కనపడిందనేవాళ్ళు. చార్టులో ఆఖరి వరుసకి వచ్చేసరికి ఎంత పెద్దమనిషైనా కళ్ళు చికిలించి, మెడ సాచి, ఏదో ఒకటి ఊహించి అనేస్తాడు. "కనపడకపోతే కనపడలేదనండి. ఇక్కడేం మార్కులు వెయ్యను" అని ఆవిడ రోజూ గొంతు చించుకునేది. సాయంత్రం కరాటే హాల్లో అడుగుపెట్టాక మాత్రం ఆ మాట ఆవిడకే గుర్తుండేది కాదు.

ఆవిడ పెళ్ళికి ముందే బ్లాక్ బెల్టు. ఆ ఇంట్లో తర్వాత కాలుపెట్టిన చిన్నకోడలు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. తోడికోడలిని చూసి ముచ్చటపడి తనూ తెల్లబెల్టు కట్టింది. "అక్కా, ఈ ముడి నిలవడం లేదే" అని నడుం పట్టుకుని వస్తే, ముడి వెయ్యడం దగ్గర్నుంచి నేర్పింది పెద్దకోడలే. నేర్పినన్నాళ్ళూ ఆవిడకి చిన్నదంటే ప్రాణం. మన వెనక నడిచేవాళ్ళ మీద ప్రేమ ఉండటం పెద్ద కష్టమేమీ కాదు కదా.

కొన్నేళ్ళకి ఇద్దరూ కలిసి రిఫరీ పరీక్ష రాశారు, కలిసే పాసయ్యారు. మార్కులు పెద్దావిడకే ఎక్కువ. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, అడిగినా అడక్కపోయినా, ఆవిడే చెప్పింది.

పరీక్ష పాసైనంత మాత్రాన ఎవరూ తీసుకెళ్ళి బరి మధ్యలో నిలబెట్టరు. ముందు బల్ల దగ్గర గడియారం నొక్కాలి. స్కూలు పోటీలకి పొద్దున్నే వెళ్ళి చాపలు పరవాలి. ఆ తర్వాత మూల కుర్చీ. బరికి నాలుగు మూలలా నలుగురు జడ్జీలు కూర్చుంటారు, ఒక్కొక్కరి చేతుల్లో ఎర్రజెండా, నీలంజెండా. దెబ్బ సరిగ్గా తగిలిందనిపిస్తే ఆ రంగు జెండా ఎత్తాలి. రెండు జెండాలు లేస్తేనే పాయింటు. కనపడకపోతే రెండు జెండాలూ కళ్ళకి అడ్డంగా పెట్టుకోవాలి, 'నేను చూడలేదు' అని. ఈ మూల కుర్చీలో నలిగి నలిగి, పెద్దవాళ్ళ కంట్లో పడితే అప్పుడు మధ్యలో నిలబడే యోగం.

పెద్దకోడలు జెండాలు కళ్ళకి అడ్డం పెట్టిన పాపాన పోలేదు. చూడమని కుర్చీ వేసి కూర్చోబెడితే చూడలేదనడానికి సిగ్గుండొద్దూ? చప్పుడుని బట్టో, జనం అరుపుని బట్టో, ఏదో ఒక జెండా ఎత్తేసేది. చిన్నదానికి ఆ సిగ్గు లేదు. ఆటకి ఒకసారైనా జెండాలు అడ్డం పెట్టేది.

"మా చిన్నదానికి కళ్ళజోడు మా షాపులోనే చేయిస్తానత్తయ్యా, సగం ధరకే" అని పెద్దావిడ వేళాకోళం ఆడేది. చిన్నది కూడా పడీపడీ నవ్వేది. తమ మీద తామే నవ్వుకునేవాళ్ళని చూస్తే ఏడ్చేవాళ్ళకి ఇంకాస్త మంట.

కొత్త రిఫరీలకి పని పంచేది గోడమాస్టారు. ఎప్పుడూ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా చూస్తాడు కాబట్టి ఆ పేరు. ఆయన ఒక ఆదివారం గోడ వదిలి నాలుగడుగులు వేసి, "రేపట్నుంచి మధ్యలో నిలబడమ్మా" అన్నాడు. అన్నది చిన్నదానితో.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. ఆ రాత్రి పెద్దకోడలికి అన్నం సహించలేదు. అత్తగారు ఉండబట్టలేక, "రిఫరీ కోటు దానికి భలే కుదిరిందే! పోలీసు ఆఫీసరులా ఉంది" అంది. చిన్నది కోటు తొడుక్కుని అద్దం ముందు "యమే!" అని అరిచి చూసుకుంటోంది. యమే అంటే ఆపమని. కార్లో పక్క సీట్లో కూర్చుని ఎంతమంది చేత బ్రేకు తొక్కించిన గొంతు అది! ఇల్లు ఖంగుమంది. పెద్దావిడ తన గదిలోకి పోయి దిండులో మొహం పెట్టి తనూ "యమే" అంది. పిల్లి అరిచినట్టుంది.

అప్పట్నుంచి ఆవిడకి చిన్నది ఏం చేసినా తప్పే. నడిస్తే ఒయ్యారం, నవ్వితే టెక్కు. తను నేర్పిన ముడిని తనకన్నా అందంగా కడుతోందని కూడా కోపం.

అంతలో పెద్ద పోటీల కబురొచ్చింది. ఈసారి కొత్తవాళ్ళలో ఒక్కరికే మధ్యలో నిలబడే అవకాశం, అది ఊరి పోటీల ఫైనల్ రోజున గోడమాస్టారు తేలుస్తాడు. ఆ ఒక్కటీ తనకి రాకపోతే ఇక ఈ జన్మకి చిన్నదాని వెనకే నడవాలనిపించింది పెద్దావిడకి.

ఫైనల్లో బరి మధ్యలో చిన్నది. మూల కుర్చీలో పెద్దావిడ. ఎరుపు బెల్టు పిల్ల, నీలం బెల్టు పిల్ల, ఇద్దరికీ సమానంగా పాయింట్లు. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా ఎరుపు పిల్ల కాలు గాల్లోకి లేచి, నీలం పిల్ల చెంప దగ్గరగా చక్కగా వెళ్ళి ఆగింది. మొహం మీద దెబ్బ అలా తాకీ తాకకుండా ఆగితేనే లెక్క. "యమే!" అంది చిన్నది.

ఒక మూల ఎర్రజెండా లేచింది. అవతల మూలల ఇద్దరికీ ఆ పిల్లల వీపులే కనపడ్డాయి, జెండాలు అడ్డం పెట్టారు. ఇక మిగిలింది పెద్దకోడలు. చిన్నదాని భుజం కొంచెం ఇటు ఒరిగి ఉంది, నిజమే. కానీ ఆ పక్కనుంచి కాలు, చెంప, అన్నీ శుభ్రంగా కనపడ్డాయి. చార్టులో మొదటి అక్షరంలా కనపడ్డాయి.

ఆవిడ రెండు జెండాలూ తెచ్చి కళ్ళకి అడ్డం పెట్టింది. రిఫరీయే తనకి అడ్డొచ్చిందని లోకమంతా చూడాలి. ఆ రెండు గుడ్డల వెనక ఆవిడకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

పాయింటు రాలేదు. చివరికి నీలం గెలిచింది. ఎరుపు పిల్ల బరి దిగి, అద్దంలాంటి కళ్ళతో ఆ మూల వైపే చూసింది. పెద్దావిడ జెండాలు చుట్టడంలో మునిగిపోయింది.

గోడమాస్టారు గోడ వదిలి నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"రిఫరీ అడ్డొస్తే ఆ మాట చెప్పడానికి అందరూ మొహమాటపడతారమ్మా. నువ్వు సొంత తోడికోడలని కూడా చూడలేదు. ఇన్నాళ్ళూ నువ్వు ఊహించి జెండా ఎత్తుతున్నావని నాకు తెలుసు. చూడలేదని ఒప్పుకోవడం ఎప్పటికి నేర్చుకుంటావా అని చూస్తున్నాను. పెద్ద పోటీలకి మధ్యలో నువ్వే. మీ తోడికోడల్ని మూల కుర్చీకి తీసుకెళ్దాం."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది పెద్దకోడలు. చిన్నది మాత్రం పరిగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. "మంచిపని చేశావక్కా. నా వీపు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది, నువ్వు చెప్పకపోతే!"

అక్కడితో ఆగితే బాగుండేది. చిన్నది అలా ఆగే మనిషి కాదు. మర్నాడు హాల్లో సోఫా గోడకి నెట్టి, మూలన కుర్చీ వేసి, అత్తగారిని కూర్చోబెట్టింది. బావగారిని, మొగుణ్ణి పిలిచి ఎరుపు, నీలం చేసింది. తను నిన్నటిలాగే నిలబడి భుజం ఒంచింది.

"అక్కా, ఇంతేగా? ఇలాగేగా ఉన్నాను?"

"ఆఁ, అలాగే" అంది పెద్దావిడ.

"అత్తయ్యా, ఇప్పుడు వాళ్ళ మొహాలు కనపడుతున్నాయా?"

"ఎందుకు కనపడవే? ఇద్దరూ గడ్డాలు గీసుకోలేదు, అదీ కనపడుతోంది" అంది అత్తగారు. ఆవిడ కళ్ళజోడు అప్పుడు టీవీ మీద ఉంది.

మగవాళ్ళిద్దరూ నవ్వారు. చిన్నది నవ్వలేదు. ఒక్క క్షణం పెద్దావిడ వైపు చూసింది. తర్వాత కుర్చీ తీసి యథాస్థానంలో పెడుతూ, "నిన్న ఇంకొంచెం ఇటు జరిగానేమోలే అత్తయ్యా" అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తిట్టినా బాగుండేదనుకుంది పెద్దకోడలు. షాపులో ఎవరైనా అక్షరం ఊహించి చెబితే ఇప్పుడు కసరడం మానేసింది.

పెద్ద పోటీల రోజు వచ్చింది. నీలం కోటు, దీపాలు, నిండిన హాలు, తను కోరుకున్నవన్నీ ఉన్నాయి. పెద్దకోడలు బరి మధ్యలో నిలబడింది. ఒక మూల కుర్చీలో చిన్నది, ఒళ్ళో రెండు జెండాలు.

ఆట జోరుమీదుండగా నీలం చెయ్యి మెరుపులా వెళ్ళింది. "యమే!" గొంతు బాగానే పలికింది. పాయింటేనని ఆవిడకి గట్టి నమ్మకం. జెండాల కోసం చుట్టూ చూసింది. ఒక నీలంజెండా లేచింది, రెండు మూలలు కదల్లేదు. ఇంకొకటి కావాలి.

చిన్నది రెండు జెండాలూ నెమ్మదిగా ఎత్తి కళ్ళకి అడ్డం పెట్టింది.

తన వీపు నిజంగా అడ్డొచ్చిందా? వచ్చిందేమో. రాలేదేమో. ఆ గుడ్డల వెనక ఎలాంటి మొహం ఉంటుందో ఆ హాల్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది తనకే. అడిగినా చిన్నది "చూడలేదక్కా" అనే అంటుంది, అది అబద్ధమనే హక్కు తనకి లేదు.

గోడమాస్టారు గోడ దగ్గరనుంచి చూస్తున్నాడు. పెద్దకోడలు పాయింటు లేదని చెయ్యి చూపించి, ఒకడుగు పక్కకి జరిగి నిలబడింది.