సింహాచలమ్మ చేతులు

ట్రాఫిక్ కాలనీలో బాయిలర్ షాపు వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయని ఎవర్నీ అడగక్కర్లేదు. ఏ వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు నోరు మెదపకుండా, చేతులు తిప్పుకుంటూ పకపకా నవ్వుకుంటున్నారో అదే ఆ వరస. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకు రివెట్లు కొట్టే చోట పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఏళ్ల తరబడి ఆ సమ్మెట మోతలో పనిచేస్తే చెవులు కూడా సెలవు పుచ్చుకుంటాయి. అందుకని అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకోవడం మరిగారు. బొటనవేలు నోటి దగ్గరికి వంచితే టీ. మీసం మెలేసినట్టు చేస్తే ఫోర్‌మన్ వస్తున్నాడని. చెంప కింద అరచెయ్యి పెట్టుకుంటే నూకయ్య; ఎప్పుడో బాయిలర్ చాటున కునుకు తీస్తూ దొరికిపోయాడు పాపం, ఇక ఆ పేరు వదల్లేదు. రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కున్నట్టు చేస్తే మాత్రం సాక్షాత్తూ వర్క్‌షాపు పెద్ద సాహెబు. ఆయన బొజ్జ మీద ఏ బెల్టూ నిలిచేది కాదు.

షాపులో పుట్టిన ఈ భాష సాయంత్రం మగవాళ్లతో పాటు ఇంటికొచ్చి పెళ్లాలకీ పిల్లలకీ అంటుకుంది. అత్తగారిని పక్కనే కూర్చోబెట్టుకుని అత్తగారి మీద చాడీలు చెప్పుకునే సౌకర్యం ఇంకే భాషలో ఉంది?

సింహాచలమ్మ ఆ భాషలోనే పుట్టి పెరిగింది. తండ్రి తవిటయ్య రివెట్లు కొట్టేవాడు. ఆమెకు ఊహ తెలిసేనాటికే ఆయనకు చెవులు పోయాయి. దాంతో ఆ పిల్లకి 'అయ్యా' అనడం, అన్నం కావాలని వేళ్లు ముడవడం ఒకేసారి వచ్చాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నోరూ చేతులూ కలిసి ఆడితేనే ఆమెకు మాట. రెండు చేతుల్లోనూ పుస్తకాలు ఉంటే తన పేరు చెప్పడానికి కూడా తడబడేది.

అలాంటి పిల్లకి ఉపన్యాసాల పిచ్చి పట్టింది. పట్టిందంటే మామూలుగా కాదు. కుళాయి దగ్గర బిందెలకీ, ఎదురింటి మేకలకీ, వినేవాళ్లెవరూ లేకపోతే తులసి కోటకీ ఉపన్యాసం ఇచ్చేసేది.

కిందటి ఏడు తెలుగు బడి వార్షికోత్సవంలో మొదటిసారి వేదిక ఎక్కింది. తవిటయ్య గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. మధ్యలో పిల్ల పాఠం మరిచిపోయి గుడ్లప్పగించి నిలబడింది. హాలంతా నిశ్శబ్దం. నిశ్శబ్దానికీ మోతకీ తేడా తెలియని తవిటయ్య, పిల్ల నోరు ఆగింది కాబట్టి ఉపన్యాసం అయిపోయిందనుకుని, సమ్మెట పట్టిన ఆ రెండు చేతులతో ఒక్కడే ఫెళఫెళా చప్పట్లు కొట్టాడు. జనం పగలబడి నవ్వారు. అందరూ సంతోషిస్తున్నారనుకుని ఆయనా చుట్టూ చూసి నవ్వాడు. ఆ తర్వాత అర్థమైంది. చేతులు మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు.

పాఠం మరిచిపోయినందుకు సింహాచలమ్మ సిగ్గుపడలేదు. ఆ సాయంత్రమే మేకల ముందు మొత్తం అప్పజెప్పింది కూడా. కానీ చేతులు దించుకున్నప్పటి అయ్య మొహం మాత్రం ఆమెను వదల్లేదు. అప్పటినుంచి బడి మాట ఎత్తితే చాలు, ఆయనకు డ్యూటీ గుర్తొచ్చేది. ఈ ఏడు ఆమెకున్న కోరిక ఒక్కటే. అయ్య రావాలి. పదిమందిలో సరైన చోట చప్పట్లు కొట్టాలి. బహుమతి వస్తే మంచిదే, రాకపోతే పీడా పోయింది.

ఈలోగా బడికి కోదండరామయ్య మేష్టారు వచ్చారు. గోదావరి వైపు మనిషి. మాట స్పష్టం, పంచె మడత నలగదు. వక్త అనేవాడు దీపస్తంభంలా నిలబడాలన్నది ఆయన సిద్ధాంతం. ఈసారి వక్తృత్వ పోటీకి 'కాలం విలువ' అని అంశం పెట్టి, ఉపన్యాసం తానే రాసిచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పించారు. హెడ్ క్లర్కు గారి అమ్మాయి లలిత స్తంభం కన్నా బాగా నిలబడింది. తర్వాత సింహాచలమ్మ వంతు.

"ఏమ్మా, నువ్వు మాట్లాడుతున్నావా, దోమలు తోలుతున్నావా?" అన్నారు మేష్టారు.

"మాటాడతన్నాను మేష్టారూ."

"మరి ఆ చేతులేమిటి?"

"అవీ మాటాడతన్నాయండి."

మేష్టారు కోప్పడలేదు. నిండుగా నీళ్లున్న గాజు గ్లాసు తెప్పించి ఆమె రెండు చేతుల మధ్యా పెట్టారు. "చుక్క ఒలక్కుండా ఉపన్యాసం పూర్తి చెయ్యి" అన్నారు. ఉపన్యాసం మొదట్లోనే వచ్చే కాలచక్రం ఇంకా ఒక చుట్టు తిరగకుండానే లలిత పరికిణీ తడిసిపోయింది. మర్నాడు మేష్టారి కండువా తడిసింది. ఆ తర్వాత మిగతా పిల్లలు ఆమె వంతు రాగానే గోడవార సర్దుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. అయితే సింహాచలమ్మ మొండి పిల్ల. పళ్లు బిగబట్టి సాధన చేసింది. చివరికి గ్లాసులో నీళ్లు కదలకుండా మొదటినుంచి చివరిదాకా చెప్పేసింది. మేష్టారు మురిసిపోయి ఆ నీళ్లు తానే తాగేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రిని పీట మీద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, మేష్టారి ఉపన్యాసం మేష్టారి మాటల్లోనే చెప్పింది. తవిటయ్య ఆమె పెదాల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు ఇంట్లో మాటల పెదాలు తెలుసు గాని 'అవిశ్రాంతంగా పరిభ్రమించే' పెదాలు ఎక్కడ తెలుస్తాయి? అయ్యాక, "బాగుంది గుంటా, సాలా బాగుంది!" అన్నాడు. చెవులు వినపడని మనిషి కదా, ఆయన మెల్లగా అన్నా ఆ వరసంతా వినపడుతుంది.

సింహాచలమ్మ సంబరంగా వెనక్కి తిరిగి, గోడకున్న చిన్న అద్దంలో చూసింది. తవిటయ్య పెళ్లాం జోగమ్మ వైపు తిరిగి వేళ్లు ఆడిస్తున్నాడు. 'ఏటి సెప్పిందే ఇది? బెంగాలీయా?' అని అడుగుతున్నాడు. జోగమ్మ పెదవి విరిచి, తనకూ తెలియలేదని చెయ్యి తిప్పింది.

పిల్లకి ఏడుపొచ్చినంత పనైంది. తమాయించుకుని తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అయ్యా, నువ్వు రావాల."

"ఆ దినం ఓవర్‌టైము పడింది గుంటా."

"నాను అడిగినాను. నూకయ్య బాబాయి లేదన్నాడు."

తవిటయ్య చూరు వంక చూశాడు. "నానొచ్చి ఏటి సేస్తానే? మళ్లీ తప్పు సోట కొడతాను. నీకు నగుబాటు."

"కొట్టవు. నాను సైగ సేస్తాను కదా. ఈ జడ ఎనకాల నుంచి ముందుకి ఏసుకున్నానంటే అయిపోయినట్టు. అప్పుడు కొట్టీ. మేష్టారికి కూడా తెలీదు."

తవిటయ్య కూతురి జడను ఒకసారి పట్టి చూసి, సరేనని తలూపాడు.

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. సభాపతి స్థానంలో పెద్ద సాహెబు. బెంగాలీ పెద్దమనిషి, తెలుగు ముక్క రాదు. పక్కన కోదండరామయ్య మేష్టారు. వెనక వరసల్లో బాయిలర్ షాపు జనం. తవిటయ్య ఈసారి ముందుకు రాలేదు. తలుపు పక్కన, నూకయ్యను ఆనుకుని కూర్చున్నాడు.

లలిత నిలబడింది, చెప్పింది, దిగింది. మేష్టారి మొహం వెలిగిపోయింది. తర్వాత సింహాచలమ్మ వేదిక ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టింది. "సభకు నమస్కారం. కాలచక్రం అవిశ్రాంతంగా పరిభ్రమిస్తూ ఉంటుంది..." ఒక్క మాట తొణకలేదు. మేష్టారు గర్వంగా సాహెబు వంక చూశారు. అంతా సవ్యంగానే ఉండేది, ఆమె తలుపు వైపు చూడకపోతే.

తవిటయ్య ఆమె మొహం చూడటం లేదు. ఆమె జడను చూస్తున్నాడు. సిగ్నల్ పడుతుందేమోనని చూసే డ్రైవరులా, రెప్ప వెయ్యకుండా, అరచేతులు రెండూ సిద్ధంగా ఎత్తి పట్టుకుని, జడ కొసను చూస్తున్నాడు. ఇంత ఉపన్యాసం జరుగుతుంటే పాపం ఆ మనిషికి అందుతున్నది జడ ఒక్కటే. సింహాచలమ్మకు తన మీద తనకే కోపం వచ్చింది. వెనక కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి.

"గడిచిన క్షణం మరలి రాదు" అంటూ గార్డులా జెండా ఊపినట్టు చేసి, బండి వెళ్లిపోయాక ఖాళీ పట్టాల వంక చూసి, రెండు చేతులూ విదిలించేసింది. తవిటయ్య చూపు జడ మీద నుంచి ఎగిరి ఆమె చేతుల మీద వాలింది. బాయిలర్ షాపు వరసలన్నీ ఒక్కసారి నిటారుగా లేచి కూర్చున్నాయి. "సోమరులకు కాలం శత్రువు" అంటూ అరచెయ్యి చెంప కింద పెట్టుకుంది. ఇంకేముంది! నూకయ్య వీపు మీద దెబ్బలు పడ్డాయి. "నా పేరెందుకెత్తినాదిరా?" అని నూకయ్య లబోదిబోమన్నాడు. మేష్టారు గ్లాసు పట్టుకోమన్నట్టు అక్కణ్నుంచే రెండు చేతులూ చూపిస్తున్నారు. ఆ సైగ ఆమెకు కనిపించలేదు.

"ఎంతటి పెద్దలైనా కాలానికి బద్ధులే" అన్నది తర్వాతి వాక్యం. పెద్దలంటే ఆ చేతులకు తెలిసినది ఒక్కటే. అవి నడుం దగ్గరికి పోయి ప్యాంటు పైకి లాగేశాయి.

హాలు కూలిపోయిందా అన్నట్టు నవ్వారు. సాహెబు మేష్టారి వైపు వంగి, "కీ హొలో?" అని అడిగాడు. ఏమైందో మేష్టారికి తెలిస్తే కదా! "పిల్లలు సంతోషంగా ఉన్నారు సార్" అని ఏదో అనేశారు. సింహాచలమ్మకు మాత్రం తాను చేసిన ఘనకార్యం తెలిసిపోయింది. అయినా ఆగలేదు. చివరి వాక్యం చెప్పి, సైరన్ మోగితే షట్టర్ దించినట్టు రెండు చేతులూ కిందికి దించేసింది. జడ ముట్టుకోలేదు.

ఆమె నోరు మూతపడిందో లేదో, అందరికన్నా ముందు తలుపు దగ్గర్నుంచి ఫెళఫెళా చప్పట్లు. సరిగ్గా పడవలసిన చోట. తెలుగు రాని సాహెబు, ఎక్కడ కొట్టాలో తెలియక అంతసేపూ ఇబ్బంది పడుతున్నవాడు, ఆ మోత వచ్చిన వైపు చూసి తానూ అందుకున్నాడు. సాహెబు కొడితే ఇక కొట్టనివాడెవడు? ఉత్సాహంగా బహుమతులివ్వడానికి లేచాడు సాహెబు. లేస్తూనే రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కున్నాడు. ఈసారి నవ్వులకి పైరేకులు ఎగిరిపోవలసిందే. ఇంత ఆదరణ తానెక్కడా చూడలేదనుకుని సాహెబు చెయ్యి ఊపి, "ఖూబ్ భాలో!" అని బెంగాలీలో మెచ్చుకున్నాడు.

మొదటి బహుమతి లలితకే వచ్చింది, న్యాయంగానే. సింహాచలమ్మకు రెండోది. ఇస్తున్నది సాహెబైనా కొన్నది మేష్టారు. విప్పి చూస్తే గాజు గ్లాసు.

ఇంటికి పోయే దారిలో తవిటయ్య తనలో తాను వేళ్లు ఆడించుకుంటూ నడిచాడు. బాగా లేదేమోనని పిల్ల మాటిమాటికీ ఆయన మొహంలోకి చూసింది. కాలనీ మలుపు దగ్గర ఆయన హఠాత్తుగా ఆగి, ఆమె వైపు తిరిగి చేతులు ఎత్తాడు. గార్డు జెండా ఊపాడు, బండి పంపేశాడు, చేతులు విదిలించాడు. అచ్చంగా ఆమె చేసినట్టే. ఆ తర్వాత అడ్డంగా తలూపాడు.

"ఇది తప్పు గుంటా" అన్నాడు వీధంతా వినపడేలా. "ఎల్లిపోయిన బండి తిరిగి రాదంటావేటి? పొద్దున ఎల్లిన లోకలు సాయంత్రం రాదేటి? ఆ మేష్టారు సరిగా రాయలేదు."

ఇన్నాళ్లూ ఆమె ఏం చెప్పినా బాగుందనే అన్నాడాయన. తప్పు పట్టడం ఇదే మొదలు. సింహాచలమ్మ గ్లాసు చంకలో ఇరికించుకుని, నవ్వు ఆపుకోలేక, రెండు చేతులూ ఎత్తి తండ్రితో వాదనకు దిగింది.