ముట్టుకోకూడని ఫొటో

"మార్చలేదమ్మా, బాగు చేయించాను" అంటాడేంటండీ మా బాబాయి? బాగు చేయించడానికి నాన్నమ్మ మొహం ఏమన్నా పాడైపోయిందా?

నాన్నమ్మ చనిపోయిన వారంలో జరిగిందిది. రావులపాలెంలో ఇంటికి పరామర్శకొచ్చినవాళ్ళు గుమ్మంలోనే కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు. మాకు మైల కదా, ఎవరూ మమ్మల్ని ముట్టుకోరు. మేము దేవుడి గది తలుపు ముట్టుకోకూడదు. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, నాకివన్నీ కొత్త. ఒళ్ళు మండి ఓ మూల కూర్చుని ఫోన్‌లో కోర్సు చూసుకునేదాన్ని. ఆఫీసులో కొత్త ప్రాజెక్టుకి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే కోడ్ రాసే పద్ధతి నేర్చుకుని రమ్మన్నారు.

"ఏడవడానికి కూడా యాప్ ఉందేమో చూడవే" అంది అత్త. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

మొదటి పాఠమే నచ్చేసింది. ఫంక్షన్‌కి, అంటే కోడ్‌లో ఒక పని చేసిపెట్టే ముక్కకి, ఏదైనా ఇస్తే అది దాన్ని ముట్టుకోకూడదు. మార్పులన్నీ చేసి కొత్తది తయారుచేసి మన చేతిలో పెట్టాలి. ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. మళ్ళీ అదే ఇస్తే మళ్ళీ అదే రావాలి. నేనేమో ఇన్నాళ్ళూ చేతికందిన లిస్టునల్లా అక్కడికక్కడే మార్చేసి, ఎక్కడ మారిందో తెలీక బగ్గులు వెతుక్కుంటూ చచ్చేదాన్ని. ఇంట్లో వింటే చిరాకొచ్చిన 'ముట్టుకోకూడదు' అన్న మాట అక్కడ వింటే హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రమే బాబాయి నాన్నమ్మ ఫొటో ఫ్రేము కట్టించి తెచ్చాడు.

అది ఎండాకాలంలో నేను తీసింది. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉందని నాన్నమ్మ ఫోన్‌తోనే తీశాను, నాకు పంపుకోవడం మర్చిపోయాను. పన్ను ఊడిన నోరు తెరిచి నవ్వుతూ ఉంటుంది. తాతయ్య పోయాక బొట్టు మానేసింది కాబట్టి నుదురు ఖాళీ. ఫ్రేములో నోరు మూసుంది. జుట్టు నల్లగా ఉంది. నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు.

బాబాయి స్టూడియోకి ఆ ఫోనే ఇచ్చేశాడట. లాక్కుని చూస్తే అందులోనూ బొట్టే. స్టూడియోకి ఫోన్ చేశాను. "పాతది ఉండదండి, దాని మీదే చేసి సేవ్ కొట్టేశామండి" అన్నాడు.

"కాపీ తీసి చేయించొచ్చుగా బాబాయ్" అని అరిచాను. పొద్దున విన్న పాఠమంతా అప్పజెప్పాను.

బాబాయిది అరటిగెలల వ్యాపారం. "గెల కోశాక చెట్టు నరికేస్తాంగా. ఉంచి ఏం చేస్తామమ్మా?"

"చెట్టు నరికినా పక్కన పిలక ఉంటుంది. ఇక్కడ పిలకేది?"

బాబాయి భుజం మీది తువ్వాలుతో ఫ్రేము అద్దం తుడిచాడు.

"నీకేం, రేపో ఎల్లుండో వెళ్ళిపోతావు. మా అమ్మ ఖాళీ నుదురు రోజూ చూడాల్సింది నేను. నావల్ల కాదే."

 నాన్నమ్మ ఫోన్ ఆయన పక్కన పెట్టేసి నా మూలకి వెళ్ళిపోయాను.

కోర్సు అయిపోయింది. ఇప్పుడు నా కోడ్‌లో ఎవరిచ్చినదాన్నీ ముట్టుకోను, కొత్తదే చేసిస్తాను. నాన్నమ్మ నవ్వు మాత్రం కళ్ళు మూసుకుని తలుచుకోవాల్సిందే. ఊడింది పై పన్నో కింద పన్నో ఇప్పటికే తేల్చుకోలేకపోతున్నాను. మొన్న తలుచుకుంటే బొట్టుతో వచ్చింది.

బాబాయికి ప్రేమ లేదని అనట్లేదు. ప్రేముంటే మాత్రం, ఉన్న ఒక్కదాని మీదే చెయ్యి పెట్టేయొచ్చా? పెట్టేయొచ్చు అంటారా, అయితే మీ అమ్మ నవ్వుతున్న ఒకే ఒక్క ఫొటో మా బాబాయి చేతికిచ్చి నిశ్చింతగా కూర్చోగలరా?