చుక్కకు నేర్పిన రెండు దరువులు

మొన్న ఆదివారం అక్క కూతురు తన జనరల్ నాలెడ్జి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, గుర్రం నిలబడి నిద్రపోతుందన్నది ఒప్పా తప్పా అని అడిగింది. ఒప్పు అన్నాను. నువ్వు చూసినావా అంది. చూశానన్నాను. అది నమ్మలేదు. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన పిల్ల, దానికి గుర్రమంటే ఆవుకూ ఒంటెకూ మధ్య ఉన్న బొమ్మ. ఒప్పు అన్న చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషిని కాబట్టి డైరీ రాసుకోవడం చిన్నప్పటినుంచీ అలవాటు. అయినా చుక్క సంగతి అందులో ఎప్పుడూ రాయలేదు. నా ఈడువాళ్లలో కొందరికైనా పెండ్లి గుర్రం వెనక పరుగెత్తిన రోజులు గుర్తుంటాయి కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్లో నాయన పెండ్లి గుర్రం పెట్టుకుని బతికేవాడు. వానలు పడని ఏట పంటలు పోయినా పెండ్లిళ్లు పూర్తిగా ఆగవు కాబట్టి, రెండెకరాల వేరుశనగ కంటే గుర్రమే మమ్మల్ని ఎక్కువ సాకింది. బడిలో అక్షరాలు దిద్దకముందే నేను సగం లోకజ్ఞానం ఆ గుర్రపు కొట్టం దగ్గరే నేర్చుకున్నాను. గన్నేరాకు నోట పడితే గుర్రం బతకదని, అందుకే గన్నేరు చెట్టున్న వాకిట్లో కట్టకూడదని, వేరుశనగ కట్టె ఎక్కువ మేస్తే కడుపు బిగుస్తుందని, చెవులు వెనక్కి వంచినప్పుడు దగ్గరికి పోరాదని, పళ్లు చూసి వయసు చెప్పవచ్చని, ఇవన్నీ నాయన చెప్పినవి. సుడుల సంగతి మాత్రం జేజిది, అంటే నాయన తల్లిది. ఒంటిమీద వెంట్రుకలు ఎక్కడ ఎటు తిరిగి సుడి పడిందో చూసి ఆ జంతువు ఇంటికి మేలో కీడో చెప్పేవారు పాతవాళ్లు. అన్నిట్లోకీ చెడ్డది కంటికింద సుడి. కన్నీటి బొట్టు జారే చోట ఉంటుంది గనక దాన్ని ఏడుపు సుడి అనేవారు.

పాత గుర్రం ముసలిదైపోయాక నాయన కర్ణాటక సరిహద్దు అవతలి సంతనుంచి తోలుకొచ్చిన ఆడగుర్రానికి సరిగ్గా అక్కడే సుడి ఉంది. నుదుట తెల్లమచ్చ ఉందని దానికి చుక్క అని పేరు పెట్టాము.

“ఏంరా, యాడా గుర్రాలే దొరకనట్ల ఏడుపు సుడిదాన్ని తెచ్చినావు?” అంది జేజి.

“ఏడిస్తే అదే ఏడుస్తాదిలేమ్మా, మనల్నేం ఏడ్వమనదు. సుడి లేకుంటే మనకందే ధరలో వచ్చునా?” అన్నాడు నాయన.

పెండ్లి గుర్రానికి ముఖ్యంగా నేర్పవలసింది తప్పెట చప్పుడుకు బెదరకుండా ఉండటం. మా ఊళ్లో తప్పెట వాయించే ఆయన నాయనకు చిన్ననాటి స్నేహితుడు, నాకు వరసకు మామ. ఆయన ముందు చాలా దూరంలో, కానుగ చెట్టు కింద నిలబడి మెల్లగా వాయించేవాడు. అదే సమయానికి నేను నానబెట్టిన ఉలవల బక్కెట్టు చుక్క ముందు పెట్టాలి. తప్పెట ఆగితే బక్కెట్టు తీసేయాలి. రోజుకింత దగ్గరికొస్తూ వచ్చాడు. కొన్నాళ్లకు మామ గడ్డిమంట వేసి తప్పెట కాచుకుంటున్న పొగవాసనకే చుక్క చెవులు నిక్కబొడుచుకునేది. నాయన కళ్లెం కదిపితే ముందుకాళ్లు ఒకటి మార్చి ఒకటి ఎత్తి, మెడ ఊపుతూ ఆడేది. ఆ ఏడాది పెండ్లిళ్లలో సుడిని ముఖపట్టీ కింద దాచి తిప్పాడు, అందరూ మెచ్చుకున్నారు. నాయన చేసిన పొరపాటు ఏమిటో అప్పటికి మాలో ఎవరికీ తట్టలేదు.

మా ఊళ్లో తప్పెట పెండ్లికే కాదు, చావుకూ వాయిస్తారు. దరువు వేరు, తప్పెట అదే.

ఊరి పెద్దల ఇంట్లో, పెద్దిల్లు అనేవాళ్లం, ముసలవ్వ పోయిన రోజున తప్పెట మొదలుకాగానే చుక్క గూటం పెరుక్కుని, తాడు ఈడ్చుకుంటూ, వీధి వీధంతా దాటి పోయి, పాడె ఎదురుగా నిలబడి కాళ్లెత్తి ఆడింది. నాయన వెనకాల పరుగెత్తి పట్టుకునేసరికే అందరూ చూశారు. ముఖపట్టీ లేదు గనక సుడి కూడా చూశారు. చచ్చిపోయినావిడ కొడుకు, అందరం పెద్దింటాయన అనేవాళ్లం, ఒకే ఒక మాట అడిగాడు.

“ఏమప్పా, మాయమ్మ సచ్చిపోతే నీ గుర్రానికి పెండ్లా?”

నాయన భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత పెండ్లివాళ్లు ఎవరూ మా ఇంటివైపు రాలేదు. ఏడుపు సుడి గుర్రం, చావింటి ముందు ఆడిన గుర్రం, దాన్ని ఎక్కించి ఎవరు కొడుకును ఊరేగిస్తారు? ఒకనాడు కర్ణాటక దళారి వచ్చి, ఇటుక బట్టీ బండికి కట్టడానికైతే తీసుకుంటానన్నాడు. అమ్మ గడపలో నిలబడి నాయన వైపు చూస్తోంది. నాయన మాఘమాసం దాకా ఆగమన్నాడు, ఆలోపల చుక్కకు రెండు దరువుల తేడా నేర్పుతానన్నాడు.

దళారి నవ్వాడు. “ఏది పెండ్లో ఏది సావో గుర్రానికేం తెలుస్తాదప్పా?”

“నీకు తెలుస్తాండ్లా? దానికీ నీ మాదిరే రెండు చెవులుండాయి,” అన్నాడు నాయన.

అందరూ బతికున్న ఇంట్లో చావుదరువేమిటని జేజి వాకిట్లో వాయించనివ్వలేదు. అందుకని ఊరిబయట ఎండిపోయిన వంకలోకి పోయేవాళ్లం, నాయన, మామ, చుక్క, బక్కెట్టుతో నేను. పెండ్లిదరువు వేస్తే బక్కెట్టు ముందు పెట్టాలి. చావుదరువు వేస్తే వెనక దాచుకుని కదలకుండా నిలబడాలి. నాయన చుక్క కంటికింద, సరిగ్గా ఆ సుడిమీద, అరచెయ్యి ఆనించి ఊరుకునేవాడు. అది కాలెత్తితే చెయ్యి తీసేవాడు, దించితే మళ్లీ పెట్టేవాడు. దరువు అయిపోయేదాకా నిలబడితే అప్పుడు ఒక బెల్లం ముక్క. మొదట్లో చుక్క నా చేతులకేసి చూసి, బక్కెట్టు కనబడక, ఇసుకను డెక్కతో గీరేది. నాకు జాలేసేది, కానీ చేతులు చూపించకూడదని నాయన కట్టడి చేశాడు. చలి వచ్చేసరికి అది చావుదరువు మొదటి దెబ్బకే తల కొంచెం దించి, రాయిలా నిలబడటం నేర్చింది.

ఆ ఏడే మా వీధిలో ఇంకొకరు పోయారు. పాడె మా వాకిలి ముందునుంచే సాగింది. చుక్క కదల్లేదు. పాడెతోపాటు నడుస్తున్న పెద్దింటాయన దానివైపు ఒకసారి చూసి ముందుకు సాగిపోయాడు. మాఘంలో సోమందేపల్లెలోని వాళ్ల చుట్టాలు పెండ్లికి గుర్రం వెతుకుతుంటే మా ఇల్లు చూపించింది ఆయనే. దళారి ఊరికే తిరిగి పోయాడు.

నేను పదో తరగతిలో ఉండగా ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాయన గుండె పట్టుకుని కొట్టం దగ్గరే కూలబడ్డాడు. ఆస్పత్రిదాకా పోలేదు.

తప్పెట వాయించింది మామే. చుక్కను ఎవరూ విప్పి దూరంగా కట్టలేదు, ఎవరికీ అది గుర్తు లేదు. మొదటి దెబ్బ పడగానే అది తలెత్తి నా చేతులకేసి చూసింది. నా చేతుల్లో ఏమీ లేదు. తల కొంచెం దించి నిలబడిపోయింది. ఆడవాళ్లు ఒకరికొకరు చూపించుకున్నారు.

“సూడమ్మా, నోరులేనిదైనా యజమాని కోసం ఎట్ల కుమిలిపోతాందో. కంటికింద కన్నీళ్ల గుర్తు సూడు.”

అదే సుడి. ఇంకొకావిడ నావైపు చూసి, “ఈ పాపకేమో కండ్లల్లో నీళ్లే రాల్యా,” అంది. నిజమే, రాలేదు. చుక్క ఏడవడం లేదని, నాయన నేర్పినట్టు నిలబడి ఉందని వాళ్లకు చెప్పాలనిపించింది. దరువు ఊరి చివరిదాకా పోయి వినబడకుండా పోయాక అందరిముందునుంచీ నడిచి చుక్క దగ్గరికి పోయాను. దాని కంటికింద అరచెయ్యి ఆనించాను. సుడి పొడిగా, వేడిగా ఉంది. బెల్లం ఇంట్లో ఎక్కడుందో ఆ రోజు నాకు తెలియలేదు. ఆ రోజు డైరీలో ఎండ ఎక్కువగా ఉందని రాసుకున్నాను.

తర్వాత అమ్మ చుక్కను ఆ దళారికే ఇచ్చేసింది, మరో దారి లేదు. మామ కొడుకు ఇప్పుడు ఊళ్లో డీజే పెట్టెలు అద్దెకిస్తాడు. పెండ్లికీ అవే, చావుకూ అవే, ఒక్కోసారి పాటలు కూడా అవే. పెండ్లికొడుకులు పూలు కట్టిన కార్లలో వస్తున్నారు, వాటికి సుడులుండవు.

అక్క కూతురి పుస్తకంలో తర్వాతి ప్రశ్న జంతువులకు దుఃఖం తెలుస్తుందా అని ఉంది. దానికి ఏమని గుర్తు పెట్టిందో నేను చూడలేదు. నేనిప్పుడు గుంతకల్లులో అక్కవాళ్లతోనే ఉంటున్నాను. మా వీధి మలుపులో చప్పుడు మొదలైనప్పుడు అది పెండ్లిదో చావుదో ఇక్కడ విని చెప్పలేము. వంట మధ్యలో ఉన్నా సరే, చేతిలోది కింద పెట్టేస్తాను. ఊరేగింపు దాటిపోయేదాకా కదలకుండా నిలబడతాను. అక్క కూడా ఇప్పుడు ఎందుకని అడగడం మానేసింది.