లెక్కపెట్టని ముడుపు

మా మరదలు కమలాక్షిని పిసినారి అనేటోల్ల నోట్లో మన్ను పడ! నేను ఆమె ఆడబిడ్డను, హేమలతను. పెనుకొండలో వాల్లింటి పక్కనే జాకెట్లు కుట్టుకుంటా బతికేదాన్ని. ఆమె కాపురానికి వచ్చినప్పట్నుంచి చూస్తాండా. పిసినారి అంటే తాను తినక, ఇంగొకర్ని తిననీక దాచిపెట్టేటోల్లు. కమలాక్షి అట్ల కాదు. ఇంటికొచ్చినోల్లకి కడుపునిండా పెడ్తాది, గిన్నెలో మాత్రం మెతుకు మిగలనీదు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి గుమాస్తా బిడ్డ. వాల్ల నాయన పగలంతా లచ్చల చీరలు మడతలేసి, ఇంటికొచ్చి సంగటి ముద్దలోకి చెనక్కాయల చట్నీ ఉంటే సాలు అనేటోడంట. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి రూపాయి విలువ ఇంగొకరు నేర్పల్లనా?

మా తమ్ముడు రంగనాథ్‌ది స్టీలు పాత్రల అంగడి. వాడికి సంపాదించేది వచ్చు గానీ నిలబెట్టుకునేది రాదు. ఈమె వచ్చినాకనే ఆ ఇంట్లో చింతపండు కాలంలో కొనేది, కందిబ్యాళ్లు ఏడాదికి సరిపడా ఎండబెట్టి డబ్బాలకు పోసేది మొదలాయ. నెల మొదట్లో వంటింటి గడప పక్కన కూచొని నోటితోనే లెక్క వేసుకుంటాది. కాగితం పట్టదు, ఒక్క రూపాయి తప్పు పోదు. ఆ లెక్కలో అన్నిటికన్నా ముందు వచ్చేది బియ్యమూ కాదు, కరెంటు బిల్లూ కాదు. శ్రావ్య మాత్రలు.

శ్రావ్య ఆమె పెద్దబిడ్డ. ఐదేండ్లప్పుడు ఆడుకుంటా ఆడుకుంటా మా గుమ్మం ముందరే పడిపోయింది. కండ్లు పైకి పోయి, నోట్లో నురగ వచ్చి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాంటే నేను పరిగెత్తి పోయి తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెడితి. కమలాక్షి బిడ్డను ఒళ్లో వేసుకొని కొయ్యబారిపోయింది. బెంగళూరు డాక్టరు ఫిట్స్ అన్నాడు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. బాగుంది కదా అని మీయంతట మీరు ఆపినారంటే మునుపటికంటే గట్టిగా వస్తాది అని వేలు చూపించి మరీ చెప్పినాడు. శ్రావ్య ఏడో తరగతికి వచ్చేసింది, మల్ల ఫిట్స్ రానే లేదు. మేమందరం మర్చిపోయినాం. కమలాక్షి మర్చిపోలేదు.

ఇంగ ఇట్లాంటి మనిషికి ఇమానం ఎక్కల్లనే పిచ్చి యాడినుంచి వచ్చిందంటారా? చిన్నోడు ఫణి వల్ల. పిల్లోల్లిద్దరూ హిందూపురంలో ఇంగ్లీషు మీడియం బడికి బస్సులో పోతారు. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన దినం, ఎవురెవురు యాడికి పోయినారో లేచి చెప్పండి అనిందంట టీచరమ్మ. ఒకడు దుబాయి, ఒకతె సింగపూరు. మావోడు లేచి "ధర్మవరం" అన్నాడంట. క్లాసంతా పగలబడి నవ్వినారు. వాడు ఇంటికొచ్చి బ్యాగు ఇసిరికొట్టి ఏడ్చినాడు. ధర్మవరం ఆమె పుట్టిల్లు కదా, కమలాక్షి మొగం నల్లబడిపాయ. అన్నాలకు కూచున్నప్పుడు నిమ్మళంగా అనింది.

"వచ్చే ఎండాకాలం సెలవుల్లో మలేషియా పోతాండాం."

మా తమ్ముడికి పొలమారింది. "ఏమే, మలేషియా అంటే మడకశిర అనుకుంటివా?"

"అప్పు చేసి పప్పుకూడు తినే రకం కాదు నేను. ఒక్క రూపాయి అప్పు లేకుండా పోతాం. మీరు రొంత మజ్జిగ తాగండి."

ఆ తర్వాత సూడాల ఆమె అవస్థ! పనయిపోతానే నా మిషను పక్కన కూచొని నా ఫోన్లో టికెట్ల రేట్లు చూసేది. బడి ఉండే దినాల్లో ఒక రేటు, సెలవుల్లో దానికి రెండింతలు.

"పిల్లోల్లకు సెలవిచ్చినారని ఇమానమోడికి ఎవురు చెప్పినారు వదినా?" అని నా మీద కసిరింది, నేనేదో చెప్పినట్ల.

పరీక్షలకు ముందే పోయొస్తామని బడికి పోయి అడిగింది. కుదరదు పొమ్మన్నారు. సరే, ఆ రెండింతలే పెడదాం, మిగతావి తగ్గిద్దాం అనింది. ఆడ హోటల్లో తినేది వద్దు, చిత్రాన్నం గొజ్జు, అటుకులు, చట్నీపొడి ఈడ్నుంచే మోసుకుపోదాం అనింది. నీళ్లు కాచే కరెంటు కెటిల్ నన్నే అడిగి తీసిపెట్టుకుంది. ఇంత చేసినా చాల్లేదు. కడాకు ఒక దినం ఖాళీ డబ్బా ఒకటి ముందర పెట్టి, అందర్నీ కూచోబెట్టి చెప్పింది.

"ఇంట్లో తలా ఒకటి వదలాల. వదిలిన దుడ్లు ఇందులో వేయాల."

మా తమ్ముడు సాయంత్రం హోటలు బజ్జీ, కాఫీ వదిలినాడు. ఫణి చిప్సు పొట్లాలు వదిలినాడు, మూతి మూరెడు పెట్టుకొని. కమలాక్షి దినాం పెట్టుకునే మల్లెపూలు వదిలేసింది. మా అమ్మ నాగేంద్రమ్మను అడిగితే, "నా ఆకూవక్కల జోలికొస్తే నేను లేచి కదిరికి పోతా" అనింది. అయితే ఒక మాట చెప్పింది.

"దుడ్లు డబ్బాలో వేస్తే నడాన ఎవురో ఒకరు చెయ్యి పెడ్తారు. నరసింహస్వామి ముందర ముడుపు కట్టండి. ముడుపు అయితే దినం వచ్చేదాక ఇప్పకూడదు, లెక్కపెట్టకూడదు. వేసేది ఒకటే."

ఇత్తడి బిందె మూతికి పసుపుగుడ్డ కట్టి, నోటు దూరేంత సందు పెట్టి సామి పటం కింద పెట్టినారు. కమలాక్షికి మనసు ఒప్పలేదు. లెక్కపెట్టకుండా ఆరునెల్లు ఉండడమంటే ఆమెకి ఊపిరి బిగబట్టుకున్నట్లే. కానీ అత్త మాట. "పోనీలే, ఎవురు ఎంత వేసేదీ నా తలకాయలో ఉండాది కదా" అనింది.

ఆ మాటల్లోనే మా అమ్మ ఆకు నములుకుంటా, "ఈ పిల్ల మాత్రల దుడ్లు కూడబెట్టింటే ఈ పాటికి ఇమానమే కొనింటిమి" అనింది. అందరం నవ్వినాం. శ్రావ్య కూడా నవ్వింది. కమలాక్షి నవ్వలేదు.

"అత్తా, ఆ మాట ఇంగోసారి అనొద్దు. దాని మాత్రల జోలికి ఈ ఇంట్లో ఎవురూ పోకూడదు."

"ఊరికే అన్న్యాలేమ్మే, ముద్దుకి" అనింది మా అమ్మ.

"అక్కా, నువ్వేం వదుల్తావు?" అని ఫణి అడిగినాడు.

"నేను చెప్పను, పో" అనింది శ్రావ్య.

కొత్త సంవత్సరం రాంగానే శ్రావ్య వాల్లమ్మతో, "నేను పెద్దదాన్నైనా కదమ్మా, ఇంగ నా మాత్రలు నేనే తెచ్చుకుంటా, నేనే వేసుకుంటా" అనింది. కమలాక్షి ఎంత మురిసిపోయిందని! "చూసినావా వదినా, ఎంత బుద్ధి వచ్చిందో నా బిడ్డకి" అని నాకు చెప్పుకొని కండ్లు తుడుచుకుంది. నెలనెలా దుడ్లు ఇచ్చేది, డాక్టరు రాసిన చీటీ ఇచ్చేది. పిల్ల వీధి చివర మందులంగడికి పోయి తెచ్చుకునేది. అల్మారాలో డబ్బా ఎప్పుడు చూసినా మాత్రల అట్టలు కనిపిస్తానే ఉండె.

శివరాత్రి దాటినాక ఒక పొద్దున నేను వాల్లింట్లో ఉంటి. శ్రావ్య పాలు తాగతాంది. ఉన్నట్టుండి చెయ్యి ఒక్కసారి అదిరి గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. "ఏమే, చేతుల్లో ప్రాణం లేదా?" అని మా అమ్మ తిట్టింది. ఇంగోసారి నా మిషను దగ్గర కూచొని గుండీలు ఏరిస్తాంది, మాట నడాన ఆగిపోయింది. కండ్లు తెరుచుకొనే ఉండాయి, గోడ మీద యాడో ఉండాయి. "శ్రావ్యా, ఒసే శ్రావ్యా" అని పిలిస్తే పలకలేదు. రొంతసేపటికి, "ఏంటత్తా, అట్ల చూస్తాండావు?" అని నవ్వింది.

కమలాక్షికి చెప్తి. ఆమె బిడ్డను పట్టుకొని, "మాత్ర వేసుకున్యావా?" అని అడిగింది.

"పొద్దున్నే వేసుకుంటినమ్మా. అవ్వ కూడా చూసింది."

అబద్ధం కాదు. మా అమ్మ నిజంగానే చూసింది. అయినా కమలాక్షి ఊరుకోలేదు, బెంగళూరుకు ఫోను చేసింది. పరీక్షలు అయిపోయినంక వచ్చే వారానికి టైము ఇచ్చినారు. ఎండలు ముదిరినాయి, పిల్ల చదువుకని మేలుకుంటాంది, అందుకే అలసిపోయింటాది అని మా తమ్ముడు అన్నాడు. ఆమె ఊ అనింది గానీ, ఆ దినం నుంచి మా ఇంటికి వచ్చి కూచున్నా చెవి వాల్లింటి పక్కనే ఉండేది. ఏదన్నా కింద పడిన సప్పుడైతే సాలు, లేచి పరిగెత్తేది.

పరీక్షలు అయిపోయిన శుక్రవారం సాయంత్రం ముడుపు ఇప్పినారు. మరుసటి దినం టికెట్లు కొనాలని. మా అమ్మ హారతిచ్చింది, కమలాక్షి బిందెను చాప మీద బోర్లించింది. ఫణి నోట్లు ఏరి ఇస్తాంటే ఆమె లెక్కపెట్టింది. అయిపోయినాక మల్ల మొదట్నుంచి లెక్కపెట్టింది.

"తక్కువ పడిందా?" అని మా తమ్ముడు అడిగినాడు.

"ఎక్కువ ఉండాది."

"అబ్బ, మంచిదే కదా!" అని వాడు ఎగిరినాడు. మా అమ్మ రెండు చేతులూ ఎత్తి, "సామి కలిపినాడు తల్లీ, నేను చెప్పలే?" అనింది.

కమలాక్షి నవ్వలేదు. "సామి నోట్లు యాడనుంచి తెస్తాడత్తా? నా లెక్క తప్పు పోదు. వేసినోల్లు ఎవురో ఉంటారు. మీరా?" మా తమ్ముడు కాదన్నాడు. నా పక్క చూసింది, నేనూ కాదంటి.

"నేనే అమ్మా!" అనింది శ్రావ్య. ఆ పిల్ల మొగంలో ఆ సంతోషం చూడాల మీరు. "నేను రాత్రి మాత్ర వదిలినా. అందుకే సగమే కొంటాండా, మిగతా దుడ్లు బిందెలో వేస్తాండా. కొత్త సంవత్సరం నుంచీ! చూడు, నాకేం కాలేదు కదా? ఇంగ పొద్దునది కూడా వద్దేమో అమ్మా."

కమలాక్షి కొట్టలేదు. తిట్టలేదు. బెంగళూరుకు ఫోను చేసి మాట్లాడింది, వాల్లు చెప్పినట్ల బిడ్డ నోట్లో ఒక మాత్ర వేసి నీళ్లు తాపింది. నోట్లన్నీ పసుపుగుడ్డలో వేసి మూట కట్టింది. "ఏమండీ, బాడుగ కారు తోలే జగదీష్‌కి చెప్పి బండి తెప్పించండి. ఇప్పుడే పోవాల."

"శుక్రవారం పూట దుడ్లు గడప దాటకూడదే, రేపు పొద్దున్నే పోండి" అని మా అమ్మ అడ్డం వచ్చింది.

"నా బిడ్డ గడప దాటాల కదత్తా" అని కమలాక్షి ఆమెను పక్కకు జరిపి బయటికి నడిచింది. కోడలు ఆ పొద్దు దాకా ఆమె మీద చెయ్యి వేసింది లేదు. మా అమ్మ ఆడనే గోడకానుకొని కూలబడిపోయింది.

ఫణి ఏడుస్తాంటే వాన్ని కూడా ఎక్కించుకున్యాం. జగదీష్ పక్కన నేను, వెనక వాల్లు నలుగురూ. శ్రావ్య వాల్లమ్మను ఆనుకొని, దారి పొడుగునా ఒకటే కబుర్లు. కమలాక్షి అన్నిటికీ ఊకొడుతా బిడ్డ కండ్లలోకే చూస్తాంది. బాగేపల్లి దాటినాం, చిక్కబళ్లాపురం దాటినాం.

"అమ్మా, ఇమానంలో కిటికీ పక్క సీటు నాకా, ఫణికా?"

"నీకే."

"పోయేటప్పుడు నేను కూచుంటా, వచ్చేటప్పుడు వాడు..."

ఆ మాట ఆడికే ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగేలోగా కాళ్లు నా సీటును తన్నుతాండాయి. డాక్టరు చెప్పినాడే, మునుపటికంటే గట్టిగా అని. అట్ల వచ్చింది. ఆగలేదు. రొంత నిమ్మళించినట్లు అయ్యేది, మల్ల మొదలయ్యేది. జగదీష్ హారన్ మీద చెయ్యి తీయకుండా తోలినాడు. దేవనహళ్లి ఏర్‌పోర్టు దగ్గర ఇమానం ఒకటి ఎంత కిందికి వచ్చిందంటే కారు అద్దాలు అదిరినాయి. ఫణి అలవాటు కొద్దీ "అమ్మా, ఇమానం!" అని అరిచి, తన నోరు తనే చేత్తో మూసుకున్యాడు. ఎవురం తలెత్తలేదు.

ఆస్పత్రిలో దుడ్లు కట్టమంటే కమలాక్షి ఆ పసుపు మూటను అట్లనే కౌంటరు మీద పెట్టేసింది. "ఎంత కావల్లో తీసుకోండి" అనింది. కూరగాయలోడు కొసరు వేయకపోతే వీధి చివర దాకా వెంటపడే మనిషి. వాల్లు ఎంత తీసుకుండేదీ చూడలేదు, మిగిలింది తిరిగి ఇస్తే చెయ్యి చాపలేదు. నేనే తీసుకుంటి.

శ్రావ్య కండ్లు తెరిచేతలికి రెండు దినాలాయ. మొదట వాల్లమ్మను గుర్తుపట్టింది. నాలిక మందం పడింది, మాట ముద్దముద్దగా వచ్చింది.

"అమ్మా, టికెట్లకి దుడ్లు సరిపాయనా?"

"సరిపాయ తల్లీ. ఇంగా మిగిలినాయి" అనింది కమలాక్షి.

పాప నవ్వింది. కుడిపక్క మూతి ఒకటే నవ్వింది, ఎడమపక్క కదల్లేదు. ఆ పక్క కదలిక తిరిగి వస్తాదో రాదో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అనె. కమలాక్షి బిడ్డ ఎడమచేయి తన ఒళ్లో పెట్టుకొని, వేళ్లు ఒక్కొక్కటే ఒత్తుకుంటా కూచుంది. ఒక్క వేలు కూడా తిరిగి ఒత్తలేదు.