గంజి పంచె మీద నీలి మరక

నాన్న కాలి పుండుకు అమ్మ రోజూ టింక్చర్ అయోడిన్ అద్దేది. ఒక సాయంత్రం సీసా ఒలికి, ఆయన గంజి పెట్టిన పొందూరు పంచె మీద నల్లగా, నీలంగా మరక పడింది.

"ఇసమెక్కినాదేటిరా?" అని అమ్మ బెదిరిపోయింది.

"గంజికి అయోడిన్ తగిల్తే అలాగే నీలం వస్తాదమ్మా," అన్నాను, రాజాం గ్రంథాలయంలో హాలోజన్ల గురించి చదివిన గర్వంతో.

నాన్న నవ్వాడు. "పాఠం బాగానే సెప్పినావు. మరి మరకెవుడు ఉతుకుతాడ్రా?"

పుండు ముదిరి ఆ వారమే నాన్న పోయాడు. అమ్మ ఆ పంచెను ఎవరినీ ఉతకనివ్వక దండెం మీదే ఉంచింది. మరక రోజురోజుకూ పలచబడి, చివరికి కనిపించకుండా పోయింది.

"ఎవులు ఉతికేసినార్రా?" అని అడిగింది.

"ఎవులూ ఉతకలేదమ్మా," అన్నాను.

అయోడిన్ తనంతట తానే గాలిలో కలిసిపోతుందని కూడా చదివాను. అది మాత్రం చెప్పలేకపోయాను.